మామ నడిపిన మూడు లైన్లు

మా మామకు కుడి కంట్లో పొర తీయించిన వారానికి ఆయన్ను సంగం నుంచి దొరవారిసత్రం తీసుకొచ్చాం. నెల రోజులు చుక్కల మందు వేయాలి, పొగ తగలకూడదు, వంగి బరువులు ఎత్తకూడదు అన్నాడు డాక్టరు. మా అత్త పోయి అప్పటికి రెండేళ్లు. కట్టెల పొయ్యి మీద సొంతంగా వండుకునే మనిషికి పొగ తగలకుండా ఎలా ఉంటుందని నా భార్య పట్టుబట్టింది. ఆయన ఒక చేతిసంచీ, గొడుగు, పాత రేడియో తీసుకుని మా ఇంటికొచ్చాడు. నెల కాగానే వెళ్లిపోతానని గడపలోనే చెప్పేశాడు.

ఆయన లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. పెన్నా కాలువల గట్ల మీద తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, ఏ ఊరి పొలాలకు ఏ పూట నీళ్లు పోవాలో చూసుకోవడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్లు ఆ పనే చేశాడు. రైతులతో రోజంతా అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోయేవేమో, ఇంట్లో మాత్రం నోరు విప్పేవాడు కాదని నా భార్య చెబుతుంది.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆయనా నేనూ మాట్లాడుకున్నదంతా రాస్తే ఒక పేజీ నిండదు.

"బాగుండావా అబ్బయ్యా?"

"బాగుండాను మామా."

"మీ పక్క వానలు పడినాయా?"

"పడినాయి మామా."

అంతే. కోపతాపాలేమీ లేవు. ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఆయన పైకండువా సర్దుకునేవాడు, నేను ఫోన్ చూసుకునేవాణ్ణి. ఇప్పుడు నెల రోజులు ఒకే ఇంట్లో ఎలా గడుస్తాయోనని నాకు లోపల గుబులుగానే ఉండింది.

నేను నాయుడుపేట బస్టాండు దగ్గర చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. దరఖాస్తులు పంపడం, జెరాక్సులు, కంప్యూటర్ల రిపేరు, షాపులకు సీసీ కెమెరాలు పెట్టడం. కరోనా రెండోసారి వచ్చి తగ్గుతున్న ఎండాకాలం అది. సెంటర్ మధ్యాహ్నానికే మూసేయాల్సి వచ్చేది. నా భార్య దొరవారిసత్రంలోనే ప్రాథమిక పాఠశాల టీచరు. బడులూ మూతబడి ఉన్నాయి. ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే నేను ఒక కొత్త క్రిప్టో కాయిన్ వెంట పడ్డాను.

మిగతా కాయిన్లకైతే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు కావాలి, కరెంటు తెగ కాలుతుంది. దీనికి ఖాళీ హార్డ్ డిస్కులుంటే చాలు. ముందు ఆ డిస్కుల నిండా లెక్కలతో తయారైన పెద్ద పెద్ద ఫైళ్లు పెట్టుకోవాలి. ఒక్కోటి వంద జీబీ పైమాటే. ఆ ఫైలును ప్లాట్ అంటారు. తర్వాత ప్రపంచంలో అందరి కంప్యూటర్లకూ ఒక ప్రశ్న వస్తూ ఉంటుంది. దాని జవాబు మన ప్లాట్లలో దొరికితే కాయిన్ మనకు. ప్లాట్లు ఎన్ని ఉంటే అదృష్టం తగిలే వీలు అంత ఎక్కువ. తయారైన ప్లాట్లను ఉంచుకుని ఎదురుచూడటాన్ని వాళ్లు ఫార్మింగ్ అంటారు, అంటే సేద్యమే. అందులో కష్టం లేదు. కష్టమంతా తయారీలోనే ఉంది. ఒక్క ప్లాట్ తయారు కావడానికి నా కంప్యూటర్‌కు ఏడెనిమిది గంటలు పట్టేది. పాత కెమెరాల సిస్టమ్‌ల నుంచి తీసినవీ తెలిసినవాళ్ల దగ్గర సంపాదించినవీ కలిపి నా దగ్గర తొమ్మిది పెద్ద డిస్కులున్నాయి. వాటిని నింపాలంటే ఏడు వందల ప్లాట్ల దాకా కావాలి.

అందుకని వీధి గదిలో బల్ల వేసి, డిస్కులన్నీ వరసగా పేర్చి, టేబుల్ ఫ్యాన్ గాలి వాటి మీదికి తిప్పి పని మొదలుపెట్టాను. ఆ గది ముందున్న వరండాలోనే మామకు మంచం వేశాం.

మొదలుపెట్టిన రోజు సాయంత్రం ఒంగోలులో ఉన్న స్నేహితుడు ఫోన్ చేశాడు. అతనూ ఇదే పనిలో ఉన్నాడు. నేను హుషారుగా గట్టిగానే మాట్లాడాను.

"ప్లాట్లు వేస్తా ఉండా. ఒకేసారి ఆరు ఎత్తుకున్నా. ఉన్న జాగా అంతా నింపేస్తా, ఇంత కూడా ఖాళీ వదిలేది లే."

మర్నాటి నుంచి మామ నాతో ఆ రెండు ముక్కలు కూడా మాట్లాడటం మానేశాడు. నేను వరండాలోకి వస్తే గోడ వైపు తిరిగేవాడు. కారం దోసె అంటే ఇష్టంగా తినే మనిషి సగంలో చెయ్యి కడుక్కున్నాడు. కన్ను నొప్పేమోనని నా భార్య కంగారుపడి, రెండో రోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ అడిగింది.

"ఏంది నాయనా, కన్ను సలుపుతా ఉండాదా?"

"కన్ను బాగనే ఉండాది. నేను రేపు బస్సుకు పోతా పాపా."

"ఎందుకు? ఎవరేమన్నారు?"

ఆయన అసలు సంగతి చెప్పాడు. నేను స్నానాల గది పక్కన నిలబడి వింటూనే ఉన్నాను.

"మీ ఆయన ప్లాట్లు వేస్తా ఉండాడంట గదా. నా చెవులతో విన్నా. మాగాణి మీద మట్టి తోలి, రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టేవోళ్లను చూస్తానే వచ్చినా దారెంబడి. నాయుడుపేట దాటినాక రోడ్డు పక్కన పచ్చగా ఒక్క చేనన్నా కనపడిందా? అట్టాంటి భూములకు నీళ్లు పారించే దానికి నేను జీవితమంతా గట్లెంబడి తిరిగినా. నా అల్లుడే ఆ పని చేస్తాడనుకోలే."

నా భార్య చేతిలో చీర అట్లాగే పట్టుకుని, బట్టలుతికే బండ మీద కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"ఏమండీ, ఇట్టా రాండి! మా నాయనకు మీ ప్లాట్లు ఒకసారి చూపించండి."

ఆయన నల్ల కళ్లద్దాలు సర్దుకుని వీధి గదిలోకి వచ్చాడు. అది ఆయన ఆ గదిలోకి రావడం మొదటిసారి. డిస్కులు చూపించాను, తెర చూపించాను. నాకు చేతనైనట్టు చెప్పాను. భూమి లేదు, రాళ్లు లేవు, అంతా ఈ పెట్టెల్లోనే అని. ఎంత అర్థమైందో తెలియదు గానీ ఆయన మొహంలో బరువు దిగిపోయింది.

"అంటే ఎవుర్దీ పొలం పోలేదు గదా?"

"లేదు మామా."

"సరే అయితే," అని బయటికెళ్లి ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఇంతలో నా పని అడ్డం తిరిగింది. ప్లాట్ తయారయ్యేటప్పుడు, పూర్తయిన ఫైలు కంటే రెండింతలకు పైగా జాగా తాత్కాలికంగా కావాలి. అది వేగంగా రాసే డిస్కు మీదే జరగాలి. నా దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. దాంట్లో నాలుగింటికే చోటు. ఏదో సర్దుకుంటుందిలే అని నేను ఆరింటిని ఒకే నిమిషంలో మొదలుపెట్టాను. ఆ మొదటి ఆరూ మధ్యలో ఒకసారి చెడిపోతే తుడిచేసి, మళ్లీ అదే పద్ధతిలో ఎక్కించాను. మూడో రోజు ఉదయం చూస్తే తెర మీద ఆరు కిటికీల్లోనూ ఒకే వాక్యం. రాయడానికి చోటు లేదు, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తాను. ఐదు నిమిషాలకోసారి ఆ వాక్యమే మళ్లీ మళ్లీ వస్తోంది. ఒకటి పూర్తయితేగానీ ఇంకోదానికి చోటు దొరకదు. చోటు దొరికితేగానీ ఏదీ పూర్తి కాదు.

మామ కంట్లో మందు వేయించుకుని తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది అబ్బయ్యా, మొహం అట్టా పెట్టినావు?"

చెప్పాను.

"ఆరూ ఒకేసారి ఎత్తినావా? ఎందుకు?"

"తొందరగా అవుతాయని."

ఆయన తెర మీద కిటికీలు వేలితో లెక్కపెట్టాడు. "రెంటిని ఆపెయ్. మిగతా నాలుగూ కదలతాయి."

"పదమూడు గంటల పని మామా, ఆ రెంటిదీ మొత్తం పోతుంది."

"ఇప్పుడు ఆరిటిదీ పోతానే ఉండాది గదా."

నాకు చిర్రెత్తింది. కంప్యూటర్లు నా వృత్తి. నిన్నటిదాకా ఇవి ఇళ్ల స్థలాలనుకున్న మనిషి నాకు చెప్పడమేమిటి? స్నానం చేసి సెంటర్‌కు వెళ్లిపోయాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే ఆరు కిటికీల్లో అదే వాక్యం. అన్నం తినకముందే రెండు కిటికీలు మూసి, వాటి సగం ఫైళ్లు తుడిచేశాను. పది నిమిషాలు గడిచాయో లేదో మిగతా నాలుగింట్లో అంకెలు కదిలాయి. మామ వరండాలో రేడియో వింటున్నాడు. నేనే వెళ్లి చెప్పాను.

"నడుస్తా ఉండాయి మామా."

"ఊ," అన్నాడు రేడియో తగ్గించకుండా.

ఆ రోజు నుంచి ఆయన కుర్చీ వీధి గదిలోకి మారింది. అలాగని ఆయన చెప్పినవన్నీ సరైనవేమీ కావు. అసలు రెండు మూడు కలిపి నడపడమే తప్పన్నాడు. ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి మొదలుపెట్టాలన్నాడు. కాలువ మీద అట్లాగే చేసేవాళ్లమని పట్టుబట్టాడు. రెండు రోజులు ఆయన మాట విని వరసలో ఒక్కొక్కటే వేశాను. రోజుకు మూడు మించి పూర్తి కాలేదు. కంప్యూటర్ సగం బలం ఊరికే కూర్చుంది. ఈ లెక్కన డిస్కులు నిండేసరికి వచ్చే ఎండాకాలం వస్తుందని చెప్పాను.

"నీ దాంట్లో బలం ఖాళీగా ఉండాదని నాకెట్టా తెలస్తాది? కాలువలో అయితే నీళ్లు కనపడతాయి," అన్నాడు.

ఆ మాట నిజమే అనిపించింది. కంప్యూటర్ ఎంత పనిచేస్తోందో, డిస్కు ఎంత నిండిందో చూపించే రెండు గీతలు తెర మూలన పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. ప్రతి ప్లాటూ నాలుగు దశల్లో తయారవుతుంది. ఆయన వాటిని మెట్లు అన్నాడు. ఏ కిటికీలో ఏ మెట్టు నడుస్తోందో ఎక్కడ చూడాలో చూపించాను. ఇక ఆయనకు పొద్దుపోవడానికి లోటు లేదు. నా భార్య దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, గోడ గడియారం చూస్తూ, ఎర్ర గచ్చు నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఒక్కో ప్లాటుకు ఒక గీత. మెట్టు మారినప్పుడల్లా ఒక అడ్డగీత, పక్కన టైము. మూడో రోజుకు బల్ల కింద నుంచి గుమ్మం దాకా గీతలు పాకాయి.

నాలుగో రోజు ఉదయం నా భార్య ఇల్లు తుడిచింది, ఎప్పటిలాగే వీధి గదితో మొదలుపెట్టి. మామ పళ్లు తోముకుని వచ్చేసరికి నేల అద్దంలా ఉంది.

"పాపా! ఎంత పని చేసినావు!"

"ఏం చేసినా? నేల తుడిచినా."

"మూడు దినాల లెక్క తుడిచేసినావు గదమ్మా!"

ఆయన అంత గట్టిగా అరవడం నేను మొదటిసారి విన్నాను. వంటింట్లోంచి ఆమె కూడా తగ్గకుండా అరిచింది. తుడవొద్దని నేల మీద రాసిపెట్టాల్సింది అంది. నేను ఎవరి వైపు మాట్లాడాలో తెలియక బ్రష్షు నోట్లోనే ఉంచుకున్నాను. సాయంత్రానికి ఆమే బడికి వెళ్లి, పక్కన పడేసిన చిన్న నల్లబల్ల ఒకటి మోసుకొచ్చి గోడకు ఆనించింది. మామ దాని దుమ్ము తుడిచి, గుర్తున్నంత మేరకు గీతలు మళ్లీ గీశాడు.

ఆ బల్ల ముందు కూర్చునే మేమిద్దరం అసలు కిటుకు పట్టుకున్నాం. మొదటి మెట్టులో ప్లాట్ కంప్యూటర్ బలమంతా లాగేస్తుంది. ఎక్కువ సమయం తినేదీ అదే. తర్వాతి మెట్లలో అంత లాగదు. మూడో మెట్టు నడిచేకొద్దీ డిస్కులో జాగా కూడా కొంచెం కొంచెం వదులుతుంది. అందుకని అన్నీ ఒకేసారి మొదటి మెట్టు మీద నిలబడితే తొక్కిసలాట. ఒక్కొక్కటే పోతే దండగ.

"ముందుపోయినోడు మొదటి మెట్టు దాటినాక రెండోవోణ్ణి దించు. వాడు దాటినాక మూడోవోణ్ణి," అన్నాడు మామ బల్ల మీద వేలు పెట్టి. "మాకు కూడా మామూలుగా ఒకటైనాకే ఒకటి గానీ, చివరూళ్ల వంతు మాత్రం ముందు మొదలయ్యేది. వాళ్లకు నీళ్లు చేరే దానికే పూట పట్టేది. అవి పొయ్యే లోపల దగ్గరూళ్లోళ్లది ఎత్తేవోళ్లం."

"మూడు లైన్లు పెడదాం మామా. ఒక్కో లైన్లో ప్లాట్లు ఒకదాని వెనక ఒకటి. లైన్ల మధ్య మాత్రం గ్యాప్."

"ఎంత గ్యాపు?"

బల్ల మీద గీతలు లెక్కపెట్టి మూడు గంటలన్నాం. ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు పనుల మధ్య ఎన్ని నిమిషాలు ఆగాలో రాసే గడి మొదటి నుంచీ ఉంది. నేనే దాన్ని సున్నా దగ్గర వదిలేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పకుండా దాచలేకపోయాను. ఆయన నవ్వలేదు. "అన్నీ ఒకేసారి ఎట్టా కనపడతాయిలే," అన్నాడు. కిటికీల పైన తెలుగులో పేర్లు పెట్టమన్నాడు. పై లైను, నడిమి లైను, కింది లైను అని పెట్టాను. వారం తిరిగేసరికి రోజుకు ఏడు ప్లాట్లు తయారవుతున్నాయి.

నెల గడిచిపోయింది. చుక్కల మందు అయిపోయింది. ప్రయాణం మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. "ఈ నాలుగో డిస్కు నిండనీ, చూద్దాం" అన్నాడొకసారి. నాలుగోది నిండింది. ఐదోది తగిలించడానికి స్క్రూడ్రైవర్ ఆయనే అందించాడు.

నేను సెంటర్ నుంచి రాగానే ఆయన ఆ పూట సంగతులు చెప్పేవాడు. పై లైను పదింటికి దించింది, నడిమిది కొంచెం ఆలస్యమైంది, ఎండకు డిస్కులు వేడెక్కితే గది కిటికీకి తడి గోనె కట్టాను, ఇట్లా. అక్కడి నుంచి మాట కాలువల మీదికి పోయేది. నీళ్ల కోసం కొట్టుకున్న అన్నదమ్ములు, తూములో ఇరుక్కున్న దూడ, వరదరాత్రి గండి పడితే గడ్డిమోపులు మోసిన ఊళ్లు. భోజనానికి నా భార్య రెండుసార్లు పిలవాల్సి వచ్చేది. "పదకొండేళ్ల బాకీ తీర్చుకుంటా ఉండారా ఇద్దరూ?" అనేది విసుక్కుంటూ. వండే ఎండురొయ్యల వంకాయ కూర మాత్రం ఆ రోజుల్లో కాస్త ఎక్కువే వండేది.

అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. బడులు అప్పటికి తెరిచారు. నేను నాయుడుపేటలో, ఆమె బడిలో ఉండగా మధ్యాహ్నం వాన ముసురుకుంది. రెండు గంటలకు మామ ఫోన్.

"అల్లుడూ, కరెంటు పొయ్యింది. ఇన్వర్టర్ మీద నడస్తా ఉండాది."

మా ఇన్వర్టర్ బ్యాటరీ పాతది. మూడు లైన్లు నడుస్తుంటే అరగంట కూడా ఆగదు. ఉన్నట్టుండి ఆగిపోతే డిస్కులు దెబ్బతింటాయి.

"మూడు కిటికీలూ మూసేసి కంప్యూటర్ ఆపెయ్యండి మామా. మూల మీద ఎర్ర గుర్తు నొక్కితే మూసుకుంటాది. తర్వాత ఎట్టా ఆపాలో చూపించినా గదా."

"కింది లైన్లోది నాలుగో మెట్టులో ఉండాది."

"ఉన్నా సరే."

"ఇంకెంతసేపు లేదబ్బయ్యా. అది అయినాక పెద్ద డిస్కులోకి పోయేదే గదా మిగిలింది. ఏడు గంటలు పనిచేసి గడప కాడికి వచ్చినోణ్ణి ఎనక్కి పొమ్మంటే ఎట్టా?"

"మామా, బ్యాటరీ ఆగదు. చెప్పేది వినండి..."

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు. టవర్ కూడా పోయినట్టుంది. షట్టర్ దించి బండి తీశాను. హైవే మీద వాన మొహానికి రాళ్లలా కొడుతోంది. లారీలన్నీ పక్కన ఆపేసి ఉన్నాయి. దారంతా నా దిగులు ఆ ప్లాట్ గురించి కాదు. ఆయన కంగారులో ఏ తడి వైరు పట్టుకుంటాడో, కొత్తగా బాగుపడ్డ కంటితో చీకట్లో ఎక్కడ తట్టుకుంటాడో అని.

ఇంటికి చేరేసరికి వీధి తలుపు తీసే ఉంది. లోపల చీకటి. ఫ్యాన్లు లేవు, లైట్లు లేవు. మామ కుర్చీలో చెమటతో తడిసి కూర్చుని ఉన్నాడు. తెర నల్లగా ఉంది.

"పోయిందా మామా?"

"ఏం పోలే. పై లైనూ నడిమి లైనూ ముందే మూసేసినా. అవి చిన్న పైర్లు, మళ్లా వేసుకోవచ్చు. ఫ్యాన్లు, లైట్లు, టీవీ పెట్టె, అన్నీ స్విచ్చిలు తీసేసినా. బ్యాటరీ మొత్తం దానికే ఇచ్చినా. కింది లైనోడు పూర్తయినాడు. పెద్ద డిస్కులోకి పొయ్యేంతసేపు కూర్చున్నా. పొయ్యినాడు. అప్పుడు ఆపేసినా." ఆగి, కొంచెం అనుమానంగా అడిగాడు. "సరిగ్గానే ఆపినట్టుండా. లైటు ఆరిపోయిందాకా చూసినా."

నేను తడిబట్టలతోనే ఆయన పక్కన నేల మీద కూర్చుండిపోయాను. "కాఫీ తాగుతారా మామా?" అన్నాను. నేను పెట్టిన కాఫీలో చక్కెర ఎక్కువైంది. ఆయన చివరి చుక్క దాకా తాగేశాడు. మర్నాడు కరెంటు వచ్చాక చూస్తే ఆ ప్లాట్ ఏ లోపమూ లేకుండా డిస్కులో ఉంది. ఆయన దాన్ని చూపించమని రెండుసార్లు అడిగాడు. అదొక ఫైలు పేరు, అంతే. చూడటానికేమీ లేదు. అయినా ఆయన చాలాసేపు చూశాడు.

కరెంటు కోతలకు మధ్యమధ్య ఆగుతూ, దీపావళి దాటాక తొమ్మిదో డిస్కు నిండింది. మూడు లైన్లూ ఖాళీ అయ్యాయి. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఇంకేం చెయ్యాల?" అన్నాడు మామ.

"ఏం లేదు. కాచుకోనుండటమే."

ఒక వారం ఆయన ఉత్త తెర ముందు కూర్చున్నాడు. తర్వాత సంగం వెళ్లిపోయాడు. ఈసారి మేం ఇప్పించిన గ్యాస్ పొయ్యితో. కానీ రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాడు. ముందు నాకు, తర్వాత కూతురికి. "ఏమన్నా పండిందా?" అని అడిగేవాడు. పెద్దగా పండిందేమీ లేదు. ఎవరికి తగిలినా అందరూ పంచుకునే ఒక గుంపులో చేరాను కాబట్టి ఎప్పుడో ఒక చిన్న వాటా వచ్చేది. ఆ కాయిన్ విలువ పడుతూనే పోయింది. ఒంగోలు స్నేహితుడు విసుగెత్తి డిస్కులన్నీ అమ్మేశాడు. నన్నూ అమ్మేయమన్నాడు. నేను అమ్మలేదు. ఆ చిన్న వాటా వచ్చిన రోజు సంగం ఫోన్ చేసి చెప్పడం నాకు బాగుండేది. ఆయన ఆ వార్తను కాసేపు నములుతూ, ఏ లైన్లో తయారైన ప్లాటో కనుక్కోమనేవాడు.

ఒకటిన్నర ఏడాది తర్వాత కొత్త రకం ప్లాట్లు వచ్చాయి. అదే పని తక్కువ చోటులో చేస్తాయి, అదే డిస్కులో ఎక్కువ పడతాయి. కావాలంటే పాతవి తీసేసి అన్నీ మళ్లీ తయారు చేసుకోవాలి. ఫోన్‌లో ఈ సంగతి మామూలుగా చెప్పాను.

"అన్నీ తీసేసి మళ్లానా?"

"అన్నీ ఒకేసారి కాదు మామా. ఒక డిస్కు ఖాళీ చేసి అది నింపినాక ఇంకోటి."

"రేపు పదిన్నర బస్సుకొస్తా," అన్నాడు.

ఆ విడత నాలుగు నెలలు ఉన్నాడు. ఈసారి మా మధ్య వాదనలు కూడా ఎక్కువే. కొత్త పద్ధతిలో రెండు లైన్లు చాలని నేనూ, మూడోదానికి వీలుందని ఆయనా. ఆయనే నెగ్గాడు. నా భార్య ఇంకో కుర్చీ కొని వీధి గదిలో వేసింది. సాయంత్రం బడి నుంచి రాగానే పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ ఆమె కూడా అక్కడే కూర్చునేది. ముగ్గురం ఒకే గదిలో ఉండి ఎవరి పని వాళ్లం చేసుకునే ఆ సాయంత్రాలు నాకిప్పటికీ ఇష్టం.

మొన్న ఎండాకాలం ఆయన పింఛను కాగితాల పనిమీద నేను సంగం వెళ్లాను. పని పదకొండింటికే అయిపోయింది. మామ పెన్నా మీది బ్యారేజీ చూపిస్తానని తీసుకెళ్లి, అది నాకు పూర్తిగా చూపించకుండానే తాను తిరిగిన పాత కాలువ గట్టు మీదికి నడిపించాడు. గంట నడిచాం. చిన్న తూము దగ్గర ఇప్పటి లస్కరు, నా వయసు మనిషి, సైకిల్ ఆపుకుని బీడీ తాగుతున్నాడు. మామను చూడగానే బీడీ పారేసి లేచాడు.

"బాగుండావా పెద్దాయనా? ఈయనెవరు?"

"మా అల్లుడు. మేమిద్దరం కలిసి పని చేస్తాం."

ఏం పని అని అతను అడిగాడు. మామ చెప్పడం మొదలుపెట్టాడు. డిస్కులు, మెట్లు, గ్యాపులు. సగం సరిగ్గా చెప్పాడు, సగం తప్పుగా చెప్పాడు. నేను దిద్దలేదు. అతను మర్యాదగా తలూపుతూ విన్నాడు. ఆ తూము కింద నలభై ఎకరాల నాట్లున్నాయట, నీళ్లు వదిలే వేళయిందన్నాడు. మామ నా వైపు చూశాడు.

"తిప్పుతావా?"

షట్టర్ చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. మొదటి చుట్టుకు నా భుజాలు పట్టేశాయి. రెండోది కొంచెం తేలిక. నాలుగో చుట్టుకు కింద నీళ్లు ముందు బుస కొట్టి, తర్వాత తెల్లగా దూకాయి. చేల మధ్యనున్న పిల్లకాలువలోకి చెత్తా నురగా తోసుకుంటూ పోతున్నాయి. నేను ఇంకో చుట్టు తిప్పబోయాను.

"చాల్లే అబ్బయ్యా," అన్నాడు మామ నా చేతి మీద చెయ్యి వేసి. "దిగువోళ్లకు కూడా పోవాల."

చెరువు గాలి లాంటి చల్లగాలి నీళ్ల మీంచి వచ్చింది. చెమట ఆరేదాకా ముగ్గురం గట్టు మీదే కూర్చున్నాం. లస్కరు మాకు తన సీసాలోని మజ్జిగ ఇచ్చాడు.